పోయేటప్పుడు అన్ని పరీక్షలు, వచ్చినప్పుడు ఒక్కటీ లేదు

గల్ఫ్‌కు పోయే మనిషికి వీసా స్టాంపింగ్ కంటే ముందు మెడికల్ అవుతుంది. గల్ఫ్ దేశాలు గుర్తించిన సెంటర్లలోనే చేయించుకోవాలి. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. రక్తం తీసి హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి చూస్తారు. మూత్రం, బీపీ, కంటిచూపు అన్నీ అవుతాయి. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గిపోయి, ఊపిరితిత్తి మీద మచ్చ మాత్రమే మిగిలినా అన్‌ఫిట్ అని రాసేస్తారు. అప్పటికే ఏజెంటు చేతిలో పెట్టిన అడ్వాన్సు తిరిగొస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు. అదే మనిషి పది పన్నెండేళ్లు ఎండలో ఇనుము కట్టి, శంషాబాద్‌లో దిగి, బస్సెక్కి జగిత్యాలకో కామారెడ్డికో చేరుకున్నాక అతని బీపీ చూసేవాళ్లు కూడా ఉండరు. మొదటి పరీక్ష అవతలి దేశం కోసం, అక్కడి యజమాని కోసం జరుగుతుంది. మన కోసం జరగాల్సిన రెండో పరీక్ష అసలు లేదు.

ఆరోగ్యం ఒక్కటే ఇలా లేదు. వలస కార్మికుల కోసం మనం కట్టుకున్న ఏర్పాట్లన్నీ విమానం ఎక్కే రోజు వరకే పనిచేస్తాయి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఏజెంట్ల లైసెన్సుల గురించి, వెళ్లడానికి ఇచ్చే క్లియరెన్సు గురించి మాట్లాడుతుంది. తిరిగొచ్చినవాళ్లు మళ్లీ ఎలా నిలదొక్కుకోవాలన్నది అందులో లేదు. 2019లో, 2021లో కొత్త చట్టం ముసాయిదాలు వచ్చి ఆగిపోయాయి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఒకే ఊపిరిలో చెప్పుకునే తెలంగాణ పల్లెల్లో రెండో తరం కూడా గల్ఫ్ నుంచి తిరిగొస్తోంది. ఆ రాకను ఎవరు పట్టించుకోవాలన్నది మాత్రం ఇప్పటికీ ఏ ఒక్క శాఖ బాధ్యతగానూ స్థిరపడలేదు.

ముందుగా ఎండ సంగతి. గల్ఫ్ దేశాలన్నీ వేసవిలో మధ్యాహ్నం పూట బయటి పనిని నిషేధిస్తాయి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు వరకు, సౌదీలో అవే రోజుల్లో పన్నెండు నుంచి మూడు వరకు, కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా పదకొండు నుంచి నాలుగు వరకు. ఖతార్ 2021లో ఒక అడుగు ముందుకేసింది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం పది నుంచి మూడున్నర దాకా పని ఆపాలంది. అంతేకాదు, వేడి, తేమ, గాలి, ఎండ కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ సమయమైనా పని ఆపాల్సిందేనని రూలు పెట్టింది. మిగతా చోట్ల ఇప్పటికీ గడియారమే కొలమానం. తీరప్రాంతంలో ఆగస్టు నెల ఉక్కపోత రాత్రిపూట కూడా తగ్గదు. మధ్యాహ్నం ఆపిన గంటలు తెల్లవారుజాముకు జరుగుతాయి కాబట్టి కార్మికుడి నిద్ర తగ్గుతుంది. ఎండ మాత్రం మనం అనుకున్నంతగా తగ్గదు.

ఇరవయ్యో అంతస్తులో షట్టరింగ్ పని చేసేవాడి రోజు ఎలా ఉంటుందో చూడండి. చేతిలోని నీళ్ల సీసా పొద్దున తొమ్మిదికల్లా కాగిపోతుంది. మూత్రానికి పోవాలంటే కిందికి దిగాలి, హాయిస్టు కోసం ఆగాలి, ఫోర్‌మన్ కంట్లో పడాలి. అందుకే చాలామంది నీళ్లే తక్కువ తాగుతారు. సాయంత్రానికి ఒళ్లు నొప్పులు. క్యాంపు దగ్గర బఖాలాలో, అంటే చిన్న కిరాణా కొట్టులో, ఒక కూల్‌డ్రింకు, దాంతో ఒక నొప్పి మాత్ర. శరీరంలో నీరు తగ్గి, ఎండకు కండరాలు దెబ్బతిని, ఆ వ్యర్థాలన్నీ వడకట్టాల్సిన సమయంలో నొప్పి మాత్రలు కిడ్నీకి పోయే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. ఇది ఒక్క రోజైతే శరీరం సర్దుకుంటుంది. ఏటా నాలుగు నెలలు, పదేళ్ల పాటు జరిగితే కిడ్నీ నెమ్మదిగా మొద్దుబారుతుంది. ఆ జబ్బు చివరిదాకా బయటపడదు. కాళ్ల వాపు, ఆయాసం వచ్చి ఆస్పత్రికి పోయేసరికి డయాలిసిస్ దగ్గర నిలబడతాడు.

నేపాల్‌లో ఇది ఇప్పటికే అందరికీ తెలిసిన విషయం. డయాలిసిస్‌కు వచ్చే యువకుల్లో గల్ఫ్, మలేషియాల నుంచి తిరిగొచ్చినవాళ్లు ఎక్కువగా కనిపిస్తున్నారని అక్కడి కిడ్నీ వైద్యులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. తెలుగువాళ్లకు కిడ్నీ జబ్బు అనగానే ఉద్దానం గుర్తొస్తుంది. అక్కడ అసలు కారణం ఏమిటన్న చర్చ ఇంకా తెగలేదు. కానీ ఊరూరా తిరిగి రక్త పరీక్షలు చేయడం, జబ్బును ముందే పట్టుకోవడం, పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి తెరవడం వరకు ఆ అనుభవం మనకుంది. ఆ పద్ధతిలో కొంతైనా గల్ఫ్ ఊళ్లకు ఎందుకు రాకూడదు? కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్‌ను రక్తంలో చూడటం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే చాలు, శాంపిల్ అక్కడికి పోతుంది. గల్ఫ్ నుంచి వచ్చిన మనిషి ఆ పీహెచ్‌సీ గడప ఎక్కాలని ఎవరో ఒకరు చెప్పాలి. ఆశా వర్కర్లు గర్భిణుల పేర్లు, చిన్నపిల్లల పేర్లు, బీపీ షుగర్ ఉన్నవాళ్ల పేర్లు రాసుకుంటారు. ఆ పుస్తకంలో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల కోసం ఒక కాలమ్ చేరితే క్రియాటినిన్, బీపీ, షుగర్, దగ్గు ఉంటే కఫం పరీక్ష ఒకే రోజు అయిపోతాయి. గల్ఫ్‌లో వీసా రెన్యువల్‌కు చేసే మెడికల్‌లో టీబీ తేలి వెనక్కి వచ్చినవాళ్లు ఊళ్లో ఆ మాట బయటికి చెప్పుకోరు. మందులు ఇక్కడ ఉచితంగా దొరుకుతాయని, పోషకాహారానికి నెలనెలా డబ్బు కూడా వస్తుందని వాళ్లకు చెప్పేవాళ్లు కావాలి.

ఎండ దెబ్బ అక్కడే ప్రాణం తీసినప్పుడు ఇంకో సమస్య మొదలవుతుంది. డెత్ సర్టిఫికెట్ మీద గుండె ఆగిపోవడం వల్ల అనో, సహజ మరణం అనో రాస్తారు. ఎవరు చనిపోయినా చివరికి ఆగేది గుండేగా, అది ఎందుకు ఆగిందన్నదే కదా కారణం! అనుమానం లేకపోతే పోస్టుమార్టం చేయరు. పోవడానికి ముందు మెడికల్‌లో ఫిట్ అని తేలిన, ముప్పై దాటని మనిషి నిద్రలో చనిపోతే అది సహజమెలా అవుతుందని అడిగేవాళ్లు లేరు. 2009 నుంచి 2017 వరకు ఖతార్‌లో గుండె జబ్బుల కింద రాసిన 571 మంది నేపాలీ కార్మికుల మరణాలను కొందరు పరిశోధకులు ఎండ లెక్కలతో పోల్చి 2019లో ప్రచురించారు. వేడి నుంచి సరైన రక్షణ ఉంటే అందులో 200 మంది దాకా బతికేవాళ్లని వాళ్ల అంచనా. మన తెలుగు కార్మికుల మరణాలపై అలాంటి లెక్క వేయాల్సిన అవసరం చాలా ఉంది.

డెత్ సర్టిఫికెట్ మీద రాసే సహజం అన్న ఆ ఒక్క పదం మీద కుటుంబం బతుకు ఆధారపడుతుంది. పదో తరగతి పాస్ కాని కార్మికులు క్లియరెన్సు తీసుకునేటప్పుడు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. అంత తక్కువ ప్రీమియానికి అంత మొత్తం రావడం మంచి విషయమే. కానీ సహజ మరణం అని రాసి ఉంటే ఆ 10 లక్షలు రావు. పది పాసైనవాళ్ల పాస్‌పోర్టుకు క్లియరెన్సు అక్కర్లేదు కాబట్టి ఈ బీమా కూడా వాళ్లకు తప్పనిసరి కాదు. చేసేది అదే తాపీ పని, ఉండేది అదే క్యాంపు. విజిట్ వీసా మీద పోయినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఒకసారి తీసుకున్న పాలసీ రెండు మూడేళ్లకు ముగుస్తుందని, ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకోవచ్చని చాలా మందికి తెలియదు. మనిషి అక్కడే ఉంటాడు, బీమా మాత్రం ఉండదు.

ఎలా చనిపోయాడని అడగకుండా బీమా ఇవ్వడం అసాధ్యం ఏమీ కాదు. తెలంగాణలో 2018 నుంచి రైతు బీమా అలాగే నడుస్తోంది. పాము కరిచినా, గుండెపోటు వచ్చినా, 18 నుంచి 59 ఏళ్ల మధ్య రైతు చనిపోతే ఎల్ఐసీ ద్వారా 5 లక్షలు కుటుంబానికి వస్తాయి. ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. గల్ఫ్‌లో ఉన్న అన్నదమ్ముల్లో ఒకరి పేరు మీద నాలుగు గుంటల పట్టా ఉంటే అతని కుటుంబానికి ఆ రక్షణ ఉంటుంది. పట్టా లేని తమ్ముడికి ఉండదు. భూమి లేనివాళ్లే ఎక్కువగా గల్ఫ్ పోతారన్నది ఆ ఊళ్లలో చిన్నపిల్లలకైనా తెలుసు.

ఏళ్ల తరబడి గల్ఫ్ బాధిత కుటుంబాలు, సంఘాలు కొట్లాడితే, 2023 డిసెంబరు 7 తరువాత గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో నిర్ణయించింది. అది పెద్ద ఊరట, అందులో సందేహం లేదు. దానికి కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. అయితే అది అక్కడ చనిపోయినవాళ్ల కోసం. కిడ్నీలు పాడై వచ్చి ఇక్కడి ఆస్పత్రిలో చనిపోయినవాడు, పరంజా మీంచి పడి నడుము విరిగి మంచం పట్టినవాడు ఆ లెక్కలోకి రారు. నేపాల్ వలస కార్మికుల నుంచి కొద్ది మొత్తం తీసుకుని సంక్షేమ నిధి నడుపుతుంది. మరణానికి కారణం ఏదైనా ఆ నిధి నుంచి కుటుంబానికి సాయం అందుతుంది. మన వైపు వ్యక్తిగతంగా చేసుకోగలిగింది ఒకటుంది. బ్యాంకు ఖాతాతో వచ్చే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, ఏడాదికి 436 రూపాయలు, కారణం ఏదైనా 2 లక్షలు. యాభై ఏళ్ల లోపు చేరాలి. మే నెలాఖరుకు ఖాతాలో ఆ డబ్బు ఉండేలా చూసుకోవడమే పని. అక్కడి నుంచి పంపిన జీతం మొత్తం వేరే ఖాతాకు పోతుంటే, ఈ ఖాతా ఖాళీగా ఉండి బీమా పోతుంది.

ప్రమాదం పనిలోనే కాదు, పడుకునే చోటా ఉంది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులుండే భవనంలో తెల్లవారుజామున మంటలు లేచి 45 మంది భారతీయులు చనిపోయారు. వాళ్లలో ఆంధ్రప్రదేశ్ వాళ్లు ముగ్గురు. ఎక్కువమంది ప్రాణాలు తీసింది పొగ. ఒక్కో గదిలో అంతమందిని కుక్కి, తప్పించుకునే దారి లేకుండా చేస్తే ఏ భవనంలోనైనా ఇదే జరుగుతుంది.

ఇంత తెలిసీ కార్మికుడు ఎందుకు ఎదురు మాట్లాడడు, ఎందుకు ఆ క్యాంపు వదలడు? అప్పు వల్ల. చట్టం ప్రకారం లైసెన్సున్న ఏజెంటు 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఊళ్లో మాట్లాడేది మాత్రం లైసెన్సున్న ఏజెంటు కాదు, అతని కింద ఎవరో ఒక సబ్ ఏజెంటు. అతను చెప్పే రేటు లక్ష దాటడం మామూలే. దానికి రసీదు ఉండదు. ఆ డబ్బు నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తారు. నెలకు వెయ్యి దిర్హాములు, అంటే ఓ పాతికవేల దరిదాపుల్లో వచ్చే జీతంలో మొదటి ఏడాది ఇంచుమించు అప్పుకే పోతుంది. ఎండలో కళ్లు తిరిగిన రోజు కూడా పని మానలేడు, ఎందుకంటే ఊళ్లో మిత్తి ఆగదు. భద్రత గురించి ఎన్ని తరగతులు చెప్పినా, ఎన్ని పాంప్లెట్లు పంచినా, ఈ అప్పు తగ్గకుండా అతని భద్రత పెరగదు. వెళ్లేముందు ఒక రోజు ఇచ్చే శిక్షణ కంటే, ఆ ఊరి సబ్ ఏజెంటు మీద ఒక్క కేసు నిలబడితే ఎక్కువ ప్రయోజనం.

కంపెనీ జీతం ఇవ్వక, కొట్టి, పాస్‌పోర్టు లాక్కుంటే కొందరు బయటపడి వేరే పని చూసుకుంటారు. అప్పటి నుంచి వాళ్లు కల్లివెల్లి, అంటే కంపెనీ వదిలి కాగితాలు లేకుండా ఉండేవాళ్లు. బతాకా, అంటే గుర్తింపు కార్డు, ఉండదు, ఇన్సూరెన్సు ఉండదు, కాబట్టి జ్వరం వచ్చినా ఆస్పత్రికి పోరు. పోతే పట్టుబడతామని భయం. మెడికల్ షాపులో అడిగిన మందుతోనే నెట్టుకొస్తారు. ఆ దేశం ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, ప్రకటించినప్పుడే వాళ్లకు ఇంటి దారి. యూఏఈ 2024లో సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు అలాంటి అవకాశం ఇచ్చింది. జరిమానా లేకుండా దేశం దాటే ఎగ్జిట్ దొరుకుతుంది, పాస్‌పోర్టు లేకపోతే దాని బదులు ఎంబసీ ఔట్‌పాస్ ఇస్తుంది. టికెట్టు డబ్బులు మాత్రం చేతిలో ఉండవు. కష్టాల్లో ఉన్నవాళ్లకు ఎంబసీలు వాడేందుకు 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉన్నదే ఇందుకు. దాని కోసం అడగాలని తెలిసినవాళ్లు తక్కువ.

కోనసీమ నుంచి, రాయచోటి రాజంపేటల వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. నిబంధనల ప్రకారం ముప్పై ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. ఈ కట్టుబాటు వాళ్లను ఆపలేదు. దారి మాత్రం మార్చింది. విజిట్ వీసా మీద దుబాయికో మస్కట్‌కో తీసుకెళ్లి, అక్కడి నుంచి మరో దేశానికి పంపుతారు. ఒక ఇంటి నాలుగ్గోడల మధ్య పనిచేసే మనిషికి లేబర్ ఇన్‌స్పెక్టర్ రాడు, మధ్యాహ్నపు విరామం నిబంధన వర్తించదు. రికార్డులో ఆమె పనిమనిషిగా పోలేదు కాబట్టి, తిరిగొచ్చాక కూడా ఆమె వలస కార్మికురాలు కాదు. దెబ్బలు తిన్నా, జీతం రాకపోయినా నోరు విప్పితే ఊళ్లో ఏమనుకుంటారో అన్న భయం ఆమెను మరింత ఒంటరిని చేస్తుంది.

తిరిగొచ్చే ముందు చేసుకోవాల్సిన పనుల్లో ముఖ్యమైనది లెక్కలు తేల్చుకోవడం. యూఏఈలో ఏడాది దాటి పనిచేసిన వాళ్లకు మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం చొప్పున, ఆపైన 30 రోజుల చొప్పున గ్రాట్యుటీ రావాలి. సౌదీలోనూ ఇలాంటి హక్కు ఉంది. 2020 మే 7న వందే భారత్ విమానాలు మొదలైనప్పుడు వేలమంది ప్రాణం దక్కితే చాలని ఎక్కేశారు. నెలల జీతాలు, గ్రాట్యుటీ అక్కడే వదిలేసి వచ్చారు. ఇక్కడి నుంచి ఆ డబ్బు రాబట్టాలంటే అక్కడ ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. విమానం ఎక్కేముందే ఎంబసీలో చేయించుకుంటే అది సులువు. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్‌లో భారతీయుల కనీస రిఫరల్ జీతాలను, అంటే ఇంతకు తగ్గకూడదని తానే పెట్టిన జీతాలను, 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడ్డాక 2021 జులైలో ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు. కార్మిక సంఘాలు కోర్టుకు పోకపోతే ఆ కోత అలాగే ఉండిపోయేది.

ఇక ఊళ్లో. ఇరవై ఏళ్లు దుబాయిలో స్టీల్ ఫిక్సర్‌గా చేసినవాడు తిరిగొచ్చి భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు రాయించుకుందామంటే, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు చూపాలి. 1996 చట్టం పెట్టిన ఆ షరతుకు గల్ఫ్‌లో కట్టిన టవర్లేవీ అక్కరకు రావు. రేషన్ కార్డులో పేరు నిలవాలంటే ఈ-కేవైసీకి వేలిముద్ర వేయాలి. గల్ఫ్‌లో ఉన్నవాడు వేయలేడు. పేరు పోతే ఆరోగ్యశ్రీకీ ఇబ్బందే. తెలంగాణలో 10 లక్షల దాకా పెంచిన ఆ వైద్యం, డయాలిసిస్‌తో సహా, అందరికంటే ఇతనికే ఎక్కువ అవసరం.

హైదరాబాద్ నిర్మాణ పనుల్లో బీహార్, ఒడిశా కార్మికులు కిక్కిరిసి ఉంటారు. నూట యాభై, రెండు వందల కిలోమీటర్ల దూరంలో క్రేన్ నడపడం, స్కాఫోల్డింగ్ కట్టడం తెలిసిన మనిషి ఖాళీగా ఉంటాడు. అతని నైపుణ్యానికి ఇక్కడ కాగితం లేదు. మేస్త్రీల గుంపుల్లో అతనికి చోటు లేదు. 2020లో తిరిగొచ్చినవాళ్ల నైపుణ్యాలు రాసుకోవడానికి కేంద్రం స్వదేశ్ పేరుతో ఒక కార్డు మొదలుపెట్టింది. అది ఆ సంక్షోభంతోనే మరుగున పడింది. ఉన్న అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి నైపుణ్య పథకాల్లో ఇప్పటికే ఉంది. దాన్ని గల్ఫ్ ఊళ్లకు తీసుకుపోయి శిబిరాలు పెట్టడమే మిగిలింది.

కేరళ ఈ విషయంలో చాలా ముందుంది. అక్కడ ప్రవాసుల సంక్షేమ మండలి ఉంది. విదేశంలో పనిచేసిన కాలంలో నెలనెలా కొంత కట్టుకుంటే అరవై దాటాక పింఛను వస్తుంది. తిరిగొచ్చినవాళ్లు చిన్న వ్యాపారం పెట్టుకోవడానికి ప్రవాసుల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థ నోర్కా ద్వారా 30 లక్షల దాకా రుణం ఇప్పిస్తారు. అందులో 15 శాతం, గరిష్ఠంగా 3 లక్షలు, సబ్సిడీ. జబ్బుపడి వచ్చినవాళ్ల వైద్యానికి సాంత్వన పేరుతో వేరే సాయం ఉంది. మనకు రుణం కంటే ముందు ఆ చివరిదే కావాలి. ఒళ్లు బాగా లేనివాడు కిరాణా కొట్టు ఎలా నడుపుతాడు?

ఇంట్లో పరిస్థితి కూడా అంత తేలిక కాదు. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇన్నేళ్లూ ఇల్లు నడిపింది బీడీలు చుట్టిన భార్య. పిల్లల బడి, అత్తమామల మందులు, పొలం కౌలు లెక్కలు అన్నీ ఆమె చూసుకుంది. రెండేళ్లకోసారి రెండు నెలలు చుట్టంలా వచ్చిపోయిన మనిషి ఇప్పుడు రోజూ ఇంట్లో ఉంటే ఇద్దరికీ కొత్తే. పంపిన డబ్బంతా ఏమైందన్న ప్రశ్న నుంచి గొడవ మొదలవుతుంది. అప్పు తీరకుండా తిరిగొచ్చినవాళ్లలో నిద్రలేమి, తాగుడు, చనిపోవాలన్న ఆలోచన దాకా పోయేవాళ్లున్నారు. వీళ్లలో ఎవరికైనా 14416 నంబరు టెలి మానస్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అడగరు. ఈ నంబరు పంచాయతీ గోడ మీద రాసి ఉండాలి.

2025లో విదేశాంగ శాఖ మరో ముసాయిదా బయట పెట్టింది. 1983 చట్టం స్థానంలో అది వచ్చేటప్పుడు తిరిగొచ్చినవాళ్ల పేరు మీద ఎంత డబ్బు, ఏ కార్యాలయం, ఎవరి బాధ్యత అన్నది అందులో రాయించాల్సింది తెలుగు రాష్ట్రాల ఎంపీలు. అది అయ్యేదాకా ఆగక్కర్లేని పనులున్నాయి. అక్కడ గాయపడి చికిత్స చేయించుకున్నవాళ్లు ఆస్పత్రి నుంచి డిశ్చార్జి కాగితాలు ఇంగ్లిష్‌లో అడిగి తీసుకోవాలి, ఎక్స్‌రేలు, స్కాన్లు కూడా వెంట తెచ్చుకోవాలి. ఇక్కడ శిబిరంలో వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే డాక్టరు పాత గాయం గురించి అడిగితే చూపించాల్సింది అవే. ఆ సర్టిఫికెట్ లేకుండా దివ్యాంగుల పింఛను దరఖాస్తు ముందుకు కదలదు.